గడువు దాటిన అధికారం

2020 సెప్టెంబరు 10న బెంగళూరు మహానగర పాలికె (నగరపాలక సంస్థ) కౌన్సిల్‌కు గడువు తీరింది. 2025 సెప్టెంబరు 2న ఆ పాలికె స్థానంలో అయిదు కొత్త కార్పొరేషన్లు వచ్చాయి. ఈ రెండు తేదీల మధ్య అయిదేళ్లకు ఎనిమిది రోజులు తక్కువ. ఒక కౌన్సిల్ ఏర్పడి, పనిచేసి, దిగిపోవాల్సిన కాలమంతా అసలు కౌన్సిలే లేకుండా గడిచిపోయింది. 198 వార్డుల్లో దేనికీ జనం ఓటేసి గెలిపించుకున్న మనిషి లేడు. అయిదు బడ్జెట్లకు అధికారులే ఆమోదముద్ర వేశారు. వాటిలో చివరిది, 2025–26ది, దాదాపు 19,900 కోట్ల రూపాయలది.

అధికార దుర్వినియోగం అనగానే మనకు లంచాలు, కబ్జాలు, అయినవాళ్లకు కాంట్రాక్టులు, కానివాళ్ల మీద కేసులు గుర్తొస్తాయి. వాటికి చట్టంలో సెక్షన్లున్నాయి, ఏసీబీ ఉంది, లోకాయుక్త ఉంది. ఏ సెక్షనుకూ చిక్కని దుర్వినియోగం ఇంకొకటి ఉంది. రాష్ట్ర ప్రభుత్వం తన కింద ఉండాల్సిన నగర ప్రభుత్వానికి ఎన్నికలు జరగనివ్వకుండా ఆ కుర్చీని ఖాళీగా ఉంచి, దాని పని కూడా తానే చేయడం. నా దృష్టిలో పెద్ద తప్పు ఇదే. డబ్బు తిన్నవాణ్ని వచ్చే ఎన్నికల్లో దించవచ్చు. ఎన్నికనే ఆపినవాణ్ని ఏ బూత్‌లో దించాలి?

రాజ్యాంగం ఈ విషయంలో సందు వదల్లేదు. 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. 243–యు అధికరణం ప్రకారం మున్సిపాలిటీ పదవీకాలం తొలి సమావేశం నుంచి అయిదేళ్లు, అంతకు ఒక్క రోజు కూడా ఎక్కువ కాదు. ఆ అయిదేళ్లూ నిండేలోపే కొత్త ఎన్నిక పూర్తయిపోవాలి. మధ్యలో రద్దు చేస్తే ఆరు నెలల్లో పెట్టాలి. అహ్మదాబాద్ నగరపాలక సంస్థకు సంబంధించిన కిషన్‌సింగ్ తోమర్ కేసులో 2006లో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. వార్డుల పునర్విభజన తేలలేదనో, ఓటర్ల జాబితా సిద్ధం కాలేదనో వాయిదా వేయడం కుదరదంది. ప్రకృతి విపత్తు, అల్లర్లు, శాంతిభద్రతలు కుప్పకూలడం లాంటి అసాధారణ పరిస్థితుల్లో తప్ప గడువు గడువేనంది. 2022 మే 10న మధ్యప్రదేశ్ కేసులో మళ్లీ అదే మాట. కోవిడ్ ఉధృతంగా ఉన్న కొన్ని నెలల వాయిదాను తప్పుపట్టలేం. అయిదేళ్ల వాయిదాకు ఆ సాకు చాలదు.

మరి ఇంత స్పష్టమైన నిబంధన ఉండగా ఎన్నికలు ఆగడం ఎలా సాధ్యమవుతోంది? ఇక్కడే అసలు పనితనం ఉంది. ఒక్క ముఖ్యమంత్రి కూడా ఏనాడూ ఎన్నికలు పెట్టనని చెప్పడు. పెడతామనే అంటాడు, దానికి ముందు జరగాల్సిన పనులున్నాయంటాడు. ఆ పనులన్నీ రాష్ట్ర ప్రభుత్వం చేతిలోనే ఉంటాయి.

మొదటిది వార్డుల సంఖ్య. బెంగళూరులో కౌన్సిల్ గడువు తీరిన తర్వాత, 2020 అక్టోబరులో, వార్డులను 198 నుంచి 243కు పెంచుతూ చట్టం సవరించారు. పాత 198 వార్డులతోనే ఎన్నికలు పెట్టండని డిసెంబరు 4న హైకోర్టు ఆదేశించింది. అదే నెలలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2022లో 243 వార్డుల విభజన పూర్తయింది. 2023లో ప్రభుత్వం మారింది, ఆ విభజనను పక్కనపెట్టి 225 వార్డులు గీశారు. ఆ 225తో ఒక్క ఎన్నికా జరగలేదు. 2024లో గ్రేటర్ బెంగళూరు పాలనా బిల్లు తెచ్చారు, 2025లో అది చట్టమయ్యాక నగరాన్ని అయిదు ముక్కలు చేశారు, మొత్తం వార్డులు 369 అయ్యాయి. వాటిలో వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, కె.ఆర్.పురం వైపు ఉండే మన తెలుగువాళ్లలో చాలామంది వచ్చే తూర్పు కార్పొరేషన్‌కు 50. అంటే ఓటు ఒక్కసారీ పడకుండానే నగరం పటం మూడుసార్లు మారింది. మొదటి పటం భాజపా హయాంలోది, తర్వాతి రెండూ కాంగ్రెస్ హయాంలోవి. అధికారం చేతులు మారినా పద్ధతి మాత్రం మారలేదు.

వార్డు గీయడం అంటే ఒక్క రోజు పని కాదు. జనాభా లెక్క 2011ది, ఆ తర్వాత కొత్తది లేదు. ఆ లెక్క పట్టుకుని జనగణన బ్లాకులను కలపాలి, ఒక్కో వార్డు జనాభా సగటుకు అటూ ఇటూగా ఉండేలా చూడాలి, హద్దులుగా రోడ్లు, కాలువలు, రైలు పట్టాలు చూపాలి, ముసాయిదాను గెజిట్‌లో ప్రచురించాలి, అభ్యంతరాలు తీసుకోవాలి, విచారించాలి, తుది నోటిఫికేషన్ ఇవ్వాలి. నిజాయితీగా చేస్తే మూడు నాలుగు నెలల పని. ఇందులో ప్రతి మెట్టు దగ్గరా గెజిట్ నోటిఫికేషన్ కావాలి. ఆ నోటిఫికేషన్ ఇచ్చే కలం నగరాభివృద్ధి శాఖది, రాష్ట్ర ఎన్నికల సంఘానిది కాదు. ఆలస్యమైతే ఎవరికి లాభమో ఆ కలం వాళ్ల దగ్గరే ఉంది.

రెండోది రిజర్వేషన్లు. వార్డుల హద్దులు మారితే పాత రొటేషన్, అంటే ఏ వార్డు ఏ వర్గానికన్న వంతు, చెల్లదు, మళ్లీ మొదటి నుంచి లెక్కకట్టాలి. ఎస్సీ, ఎస్టీలకు జనాభా నిష్పత్తిలో, కర్ణాటకలో మహిళలకు సగం, ఆపైన బీసీలకు. బీసీ కోటాకు సుప్రీంకోర్టు మూడు షరతులు పెట్టింది. వెనుకబాటుతనంపై ప్రత్యేక కమిషన్ అధ్యయనం చేయాలి, ఆ నివేదిక ఆధారంగా శాతం నిర్ణయించాలి, ఎస్సీ, ఎస్టీ, బీసీ కోటాలు కలిపి 50 శాతం దాటకూడదు. షరతులు న్యాయమైనవే. 2010 నాటి తీర్పులోనే వాటికి పునాది ఉంది. అయినా కర్ణాటకలో జస్టిస్ భక్తవత్సల కమిషన్ వేసింది 2022లో, అంటే కౌన్సిల్ గడువు తీరిన దాదాపు రెండేళ్లకు. గడువుకు ఏడాది ముందే చేయాల్సిన పనిని గడువు దాటాక మొదలుపెట్టి, అది పూర్తి కాలేదని ఎన్నికలు ఆపడం సామాజిక న్యాయం కోసం చేసే పని కాదు. కోటాలో సీటు దక్కాల్సిన బీసీ మహిళకు ఆ అయిదేళ్లలో ఏ సీటూ దక్కలేదు.

మూడోది కోర్టు. రిజర్వేషన్ జాబితాలో ఒక నియోజకవర్గంలోని వార్డులన్నీ మహిళలకే వచ్చేలా, పక్కదాంట్లో ఒక్కటీ రాకుండా చేశారనుకోండి. ఎవరో ఒకరు కోర్టుకు వెళ్లక మానరు. వెళ్తే జాబితా కొట్టివేయక తప్పదు. తప్పుల జాబితా ఇవ్వడం కూడా వాయిదా వేసే పద్ధతుల్లో ఒకటి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మనవాళ్లు ఊరికే అనలేదు.

చెన్నైలోనూ ఇదే కథ, ఇంకా పొడుగ్గా. 1688లో ఏర్పడిన ఆ కార్పొరేషన్ దేశంలోకెల్లా పాతది. 1973లో కౌన్సిల్‌ను రద్దు చేస్తే మళ్లీ ఎన్నికలు జరిగింది 1996లో. ఇరవై మూడేళ్లు. 74వ సవరణ వచ్చాకనైనా మారాలి కదా? 2016 అక్టోబరులో జరగాల్సిన ఎన్నికలను ఎస్టీ రిజర్వేషన్లు సరిగా చేయలేదని మద్రాసు హైకోర్టు రద్దు చేసింది. ఆ లోపం సవరించి ఎన్నికలు పెట్టడానికి 2022 ఫిబ్రవరి దాకా పట్టింది. ఈలోగా 2016 డిసెంబరు 12న వర్దా తుపాను నగరాన్ని ఊడ్చేసింది, 2019 వేసవిలో పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం నాలుగు చెరువులూ అడుగంటాయి. కండలేరు నుంచి పూండికి మన తెలుగుగంగ నీళ్లు ఎప్పుడొస్తాయా అని నగరం ఎదురుచూసింది. ట్యాంకరు ఏ వీధికి ఏ రోజు పంపాలో తేల్చి చెప్పాల్సిన 200 మంది కౌన్సిలర్లలో అప్పుడు ఒక్కరూ పదవిలో లేరు.

తెలుగు రాష్ట్రాలు గొప్పగా ఉన్నాయనుకోవడానికి కూడా లేదు. విశాఖలో 2012లో కౌన్సిల్ గడువు తీరితే ఎన్నికలు 2021 మార్చిలో జరిగాయి, తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారి పాలనే. తెలంగాణ గ్రామ పంచాయతీల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిస్తే ఎన్నికలు 2025 డిసెంబరులో పెట్టారు. ఆంధ్రలో 2020లో ఇంకో అడుగు ముందుకేశారు. స్థానిక ఎన్నికలను వాయిదా వేసిన రాష్ట్ర ఎన్నికల కమిషనర్ పదవీకాలాన్ని ఆర్డినెన్సుతో అయిదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించి, ఆయన్ను ఇంటికి పంపారు. మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్సును కొట్టేసింది. ఆయన వాయిదా వేయడం సరైనదా కాదా అన్నది వేరే చర్చ. ఆటలో ఉన్న జట్టు ఆట మధ్యలో రిఫరీని మార్చగలిగితే అది ఆటే కాదు. రాష్ట్ర ఎన్నికల కమిషనర్‌ను హైకోర్టు జడ్జిని తొలగించే పద్ధతిలో తప్ప తొలగించకూడదని 243–కె అధికరణం రాసిందే ఇందుకు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఎప్పుడూ వస్తుంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. కార్పొరేటర్లు మాత్రం ఏం ఒరగబెట్టారు, ప్రతి ఇంటి ప్లానుకూ, ప్రతి బోరుకూ చెయ్యి చాపారు కదా, ఐఏఎస్ అధికారి పాలనే నయం అంటారు చాలామంది. కార్పొరేటర్ల అవినీతి నిజం. చదరపు అడుగుకింత అని వసూలు చేసినవాళ్లున్నారు. కానీ కార్పొరేటర్ లేకపోతే ఆ వసూలు ఆగిపోతుందా? అది పై స్థాయికి వెళ్తుంది, అంతే. 2011 జనాభా ప్రకారం బెంగళూరు పాలికె పరిధిలో 84 లక్షల మంది. 198 వార్డులకు పంచితే వార్డుకు 43 వేల లోపు. నగరంలో ఎమ్మెల్యేలు 28 మంది, ఒక్కొక్కరికి 3 లక్షలు. కౌన్సిల్ లేని అయిదేళ్లూ వార్డు పనుల జాబితా ఎమ్మెల్యే చేతికి వెళ్లింది. 43 వేల మంది దగ్గర పట్టుబడగలిగిన మనిషి స్థానంలో 3 లక్షల మందికి జవాబు చెప్పుకోవాల్సినవాడు, అదీ వీధి దీపం గురించి ఓటు పోగొట్టుకోనివాడు వచ్చి కూర్చున్నాడు. ఇక చట్టం చేయాల్సిన ఎమ్మెల్యే కాలువ పూడిక బిల్లు చూసుకుంటుంటే అసెంబ్లీలో బిల్లు చదివేదెవరు?

అధికారి మంచివాడే కావచ్చు. కానీ ఆయన బదిలీ ఉత్తర్వు రాసేది ఎవరో వాళ్లకే జవాబు చెబుతాడు. ఇది వ్యక్తి గుణం గురించిన మాట కాదు, ఉద్యోగ నిర్మాణం గురించినది.

కౌన్సిల్ ఉన్నప్పుడు ఏం జరుగుతుందో కూడా వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది కనబడకుండా జరిగే పని. వర్షాలకు ముందు రాజకాలువె (వాననీటి పెద్ద కాలువ) పూడిక తీయడం తీసుకుందాం. బెంగళూరులో ఏప్రిల్, మే నెలల్లోనే గట్టి జల్లులు పడతాయి. కాబట్టి డిసెంబరులో అంచనాలు, ఫిబ్రవరిలో టెండరు, మార్చిలో వర్క్ ఆర్డరు, ఏప్రిల్ మధ్యకల్లా పని పూర్తి కావాలి. ఆలస్యమైతే రెండు జరుగుతాయి. ఒకటి, అత్యవసరమని చెప్పి కర్ణాటక టెండర్ల చట్టంలోని 4(జి) మినహాయింపు కింద టెండరు లేకుండానే పని అప్పగిస్తారు. రెండోది, వాన పడి పూడిక కొట్టుకుపోయాక, తీసినట్టు బిల్లు పెడతారు. 500 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పున్న కాలువలో అర మీటరు పూడిక అంటే 750 ఘనమీటర్లు. టిప్పరు ట్రిప్పుకు 6 ఘనమీటర్ల చొప్పున 125 ట్రిప్పులు. ఆ వీధిలో ఉండేవాళ్లకు 125 టిప్పర్లు వెళ్లాయో పాతిక వెళ్లాయో తెలుస్తుంది. వాళ్లు వార్డు కమిటీలో అడుగుతారు. 2016 నిబంధనల ప్రకారం ఆ కమిటీలో పది మంది ఉండేవాళ్లు, అందులో ముగ్గురు మహిళలు, ఇద్దరు ఎస్సీ ఎస్టీలు, ఇద్దరు నివాసుల సంఘాలవాళ్లు. కార్పొరేటర్ ఆ ప్రశ్నను స్థాయీ సంఘానికి తీసుకెళ్తాడు. తన పార్టీ కాకపోతే మరీ గట్టిగా తీసుకెళ్తాడు. ఆ ప్రతిపక్ష కార్పొరేటర్ నోరే నగరానికి ఉన్న చవకైన ఆడిట్. కౌన్సిల్ లేనప్పుడు పోయేది ముందుగా అదే.

2021 ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్ పడకల కోసం వెతుకులాట, 2022 సెప్టెంబరులో బెల్లందూరు, ఔటర్ రింగ్ రోడ్డు మునక, 2024 మార్చిలో బోర్లు ఎండిపోవడం. ఈ మూడింట్లో ఏ ఒక్కదానికీ వార్డు స్థాయిలో బాధ్యుడు లేడు. కార్పొరేటర్ ఉంటే ఇవి జరిగేవి కావని అనను. కాలువల మీద కట్టడాలకు దశాబ్దాల చరిత్ర ఉంది, అందులో కార్పొరేటర్ల పాపమూ ఉంది. జరిగాక ఎవర్ని నిలదీయాలో తెలిసేది, అంతే. ఆ అంతే చాలా పెద్దది.

ఇంతకీ ప్రభుత్వం పని ఏమిటి? నాకు అర్థమైనంతలో, ప్రతి మెట్టు తన పని చేసి, పై మెట్టు కింది మెట్టు పనిలో వేలు పెట్టకుండా, లెక్క మాత్రం అడగడం. కావేరి నీళ్లు నగరం దాకా తేవడం, మెట్రో, పోలీసు, నగరాలకు డబ్బు పంపకం, ఆడిట్ రాష్ట్రం పని. వీధి కాలువ, దీపం, చెత్త, వార్డు రోడ్డు, పార్కు, ఇంటి ప్లాను నగరం పని. రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్లో నగరాలకు 18 పనులు రాసింది. ఆ జాబితాలో పట్టణ ప్రణాళిక ఉంది, నీటి సరఫరా ఉంది, శ్మశానాలున్నాయి, బందెలదొడ్లున్నాయి. శ్మశానాలు, బందెలదొడ్లు నగరానికి దక్కాయి. బెంగళూరులో నీళ్లు 1964లో జలమండలికి, ప్రణాళిక 1976లో బీడీఏ (బెంగళూరు అభివృద్ధి ప్రాధికారం)కు వెళ్లాయి. రెండూ రాష్ట్రం కిందివే. చెన్నైలో నీళ్లు చూసే మెట్రోవాటర్, ప్రణాళిక చూసే సీఎండీఏ కూడా అంతే. లోపం 243–డబ్ల్యు అధికరణంలో ఒక మాటలో ఉంది. పదవీకాలం దగ్గర ‘ఉండి తీరాలి’ అన్న రాజ్యాంగం, అధికారాల దగ్గరకొచ్చేసరికి శాసనసభ ‘ఇవ్వవచ్చు’ అంది. ఆ ‘వచ్చు’ను ముప్ఫయ్యేళ్లుగా అన్ని పార్టీలూ ‘ఇవ్వకపోవచ్చు’ అని చదువుకున్నాయి. కొత్త గ్రేటర్ బెంగళూరు ప్రాధికారానికి కూడా అధ్యక్షుడు ముఖ్యమంత్రే. మేయర్ పదవీకాలం ఏడాది నుంచి రెండున్నరేళ్లకు పెరగడం మంచి మార్పు, కానీ అయిదుగురు మేయర్ల పైన ముఖ్యమంత్రి కూర్చుంటే మేయర్ మాట ఎంత దూరం వెళ్తుందన్నది చూడాలి. మహానగర ప్రణాళికా కమిటీలో కనీసం మూడింట రెండొంతుల మందిని స్థానిక సంస్థల్లో గెలిచినవాళ్లే తమలోంచి ఎన్నుకోవాలని 243–జెడ్‌ఈ చెబుతోంది. కార్పొరేటర్లే లేనప్పుడు ఆ కమిటీ ఎక్కడిది?

దీనికి మందు కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. కేరళలో వార్డులు గీసే కమిషన్‌కు రాష్ట్ర ఎన్నికల కమిషనరే అధ్యక్షుడు. 1995 నుంచి అక్కడ అయిదేళ్లకోసారి స్థానిక ఎన్నికలు జరుగుతూనే ఉన్నాయి. కోవిడ్ ఏడాది 2020లో కూడా నెల రోజుల జాప్యంతో డిసెంబరులో పెట్టేశారు. పక్క రాష్ట్రం చేయగలిగింది మనవాళ్లు చేయలేనిదేం కాదు. విభజన, రిజర్వేషన్ల గెజిట్ అధికారం ఎన్నికల సంఘానికి ఇవ్వాలి. గడువుకు ఏడాది ముందు నుంచి వార్డు హద్దులను కదపకూడదు. ప్రత్యేకాధికారి ఉన్న కాలంలో జీతాలు, నిర్వహణ తప్ప దీర్ఘకాలపు కొత్త ఒప్పందాలు చేయకూడదు. ఈ మూడోది వస్తే చాలు, ఎన్నికలు వాటంతటవే తొందరగా వస్తాయని నా నమ్మకం, ఎందుకంటే ఖాళీ కుర్చీలో లాభం పోతుంది.

చట్టం మారేదాకా చేతులు ముడుచుకోనక్కర్లేదు. సమాచార హక్కు దరఖాస్తుకు 10 రూపాయలు. కర్ణాటకలో ఒక దరఖాస్తులో ఒకే విషయం, 150 పదాలకు మించకూడదన్న నిబంధన ఉంది, చాలా దరఖాస్తులు అక్కడే తిరిగొస్తాయి. ‘మా వార్డు పనుల వివరాలన్నీ’ అని అడగొద్దు. ఒక్క పని ఎంచుకుని, దాని అంచనా, వర్క్ ఆర్డరు, జరిగిన పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్కు పేజీలు, చెల్లింపు తేదీ, ఈ నాలుగే అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు. పనిని కళ్లారా తనిఖీ చేసే హక్కు, నమూనా తీసుకునే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉన్నాయి. తారు మందం కొలవడానికి అవి పనికొస్తాయి.

ఓటు సంగతి మన తెలుగువాళ్లతో ప్రత్యేకంగా చెప్పాలి. అనంతపురంలోనో చిత్తూరులోనో ఓటు అట్టేపెట్టుకుని పదేళ్లుగా బెంగళూరులో ఉంటున్నవాళ్లు చాలామంది. ఊరి మీద మమకారం అర్థమవుతుంది. కానీ 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షను ప్రకారం, సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివాసి అయిపోరు. ఎక్కడ మామూలుగా ఉంటారో అక్కడే ఓటు, రెండు చోట్ల ఉండకూడదు. మీ కాలువ ఇక్కడ పొంగుతుంటే ఓటు అక్కడ ఉంటే, ఇక్కడి అభ్యర్థికి మీ వీధి లెక్కలోకి రాదు. చిరునామా మార్పుకు ఫారం 8, కొత్తగా చేరడానికి ఫారం 6. అద్దె ఇల్లయితే రిజిస్టరయిన అద్దె ఒప్పందం గానీ, ఆ చిరునామా మీదున్న కరెంటు, గ్యాస్ బిల్లు లాంటి రుజువు గానీ జతచేయాలి. పేరు చేరినంతలో పని అయిపోలేదు. వార్డు ఎన్నికలకు అసెంబ్లీ జాబితానే వార్డులవారీగా కత్తిరిస్తారు. ఆ జాబితా పోలింగ్ బూత్ లెక్కన ఉంటుంది, వార్డు హద్దు లెక్కన కాదు. అందుకే ఒకే అపార్ట్‌మెంటులో ఏ బ్లాకు ఒక వార్డులో, బి బ్లాకు పక్క వార్డులో పడుతుంటాయి. నామినేషన్ల చివరి తేదీ దాటాక పేరు చేర్చరు కాబట్టి, వార్డు ముసాయిదా జాబితా వచ్చిన వారంలోనే బ్లాకుల వారీగా కూర్చుని ఒక్కో ఫ్లాటు పేరూ సరిచూసుకోవాలి.